నన్నారి గడ్డ గట్టు మీదికొస్తేనే కొండ మీద మిగులుతుంది

ఎండలు ముదిరితే రాయలసీమలో ఏ ఊరి బస్టాండులో చూసినా నన్నారి షర్బత్ బండి కనబడుతుంది. గ్లాసులో కాస్త నన్నారి పాకం, నిమ్మరసం, చల్లటి నీళ్లు లేదా సోడా పోసి ఇస్తే ప్రాణం లేచొస్తుంది. ఆ వాసనకు మూలం మన కొండల్లో, బండల సందుల్లో పెరిగే ఒక తీగ మొక్క వేరు. మనవాళ్లు దాన్ని మారేడు గడ్డలు, మారేడు కొమ్ములు, నన్నారి కొమ్ములు అంటారు. ఒకప్పుడు కొండ దిగువనే దొరికిన ఈ గడ్డ ఇప్పుడు మనిషి కాలు నిలవని చరియల్లోనే ఎక్కువగా మిగిలింది. దీన్ని కాపాడుకోవడం అటవీ శాఖ ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. గడ్డ తవ్వేవాళ్లు, కొనేవాళ్లు, కొండవార చేలున్న చిన్న రైతులు తలా ఒక చెయ్యి వేయాలి. అదెలాగో ఈ వారం తెలుసుకుందాం.

ఏది మారేడు గడ్డ?

పేరు చూసి పొరబడకండి. శివుడి పూజకు వాడే మారేడు చెట్టుకూ దీనికీ సంబంధం లేదు. అది బిల్వం, పెద్ద చెట్టు. ఇది పాకే తీగ. శాస్త్రవేత్తలు దీన్ని డెకాలెపిస్ హామిల్టోనీ అంటారు. తమిళులు మాగాళి కిళంగు అని, కన్నడిగులు మాగళి బేరు అని పిలుస్తారు. తమిళ ఇళ్లలో దీంతో ఊరగాయ పెట్టడం వాడుక.

నన్నారి అనే పేరు రెండు మొక్కలకు ఉంది. రెండోది సుగంధిపాల. చేల గట్ల మీద, కంచెల్లో సన్నగా పాకుతుంది. దాని ఆకు సన్నం, చాలా మొక్కల్లో నడి ఈనె వెంట తెల్లటి చారలుంటాయి. వేరు సన్నగా, పుల్లలా గట్టిగా ఉంటుంది. మారేడు గడ్డ వేరు అలా కాదు. వేలి లావు నుంచి మణికట్టు లావు దాకా ఊరి, కండ పట్టి, గుత్తిగా దిగుతుంది. కండ వందకు తొంభై పాళ్లకు పైగా ఉంటుంది. మిగిలింది మధ్యలోని పుల్ల. నమిలితే తియ్యగా, ఘాటుగా ఉండి నాలుక చిమచిమలాడుతుంది.

మారేడు తీగ ఆకులు ఎదురెదురుగా, నునుపుగా ఉంటాయి. కొమ్మ విరిస్తే తెల్లటి పాలు కారతాయి. జిల్లేడుకు ఇది దూరపు చుట్టం. జిల్లేడు మాదిరే కాయ పగిలితే లోపల గింజకు దూది కుచ్చు ఉంటుంది, గాలికి ఎగిరిపోతుంది. కాయలు జంటగా కాస్తాయి. పాలు కారే తీగలన్నీ తినదగినవి కావు. కొన్ని విషం కూడా. కాబట్టి తెలిసినవాళ్లు చూపించి నిర్ధారణ చేసేదాకా ఏ గడ్డనూ నోట్లో పెట్టుకోవద్దు.

ఈ గడ్డ వాసనకు ముఖ్య కారణం 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్ అనే పదార్థం. ఐస్‌క్రీముల్లో వాడే వెనిలా వాసన ఇచ్చే వెనిలిన్‌కు ఇది దగ్గరి బంధువు. ఈ గడ్డకు పురుగు పట్టకపోవడం గమనించిన మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, నిల్వ ధాన్యాన్ని పురుగు నుంచి కాపాడే గుణం దీనికి ఉందని 1999లో ప్రకటించారు. అంటే షర్బత్ ఒక్కటే కాదు, ఈ వేరుతో ఇంకా చాలా ఉపయోగాలున్నాయి. ఉపయోగం ఎక్కువైన కొద్దీ కొండ మీద తవ్వకం కూడా ఎక్కువవుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

బండల్లోనే ఎందుకు మిగిలింది?

ఈ మొక్క ప్రపంచం మొత్తం మీద దక్షిణ భారతదేశంలో తప్ప మరెక్కడా తనంత తానుగా పెరగదు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు కొండలే దీని పుట్టిల్లు. మన వైపు శేషాచలం, నల్లమల, కడప జిల్లా కొండల్లో ఉంది. ఎండకు ఆకు రాల్చే అడవులు, ముళ్లపొదలు, రాతి చరియలు దీనికి ఇష్టమైన తావులు.

బండ నెర్రెలో మట్టి గుప్పెడే ఉంటుంది. కాని రాతి మీద పడిన వాన నీరంతా ఆ నెర్రెలోకే జారుతుంది. అదనపు నీరు నిలవకుండా వెళ్లిపోతుంది. రాయి నీడకు లోపలి తేమ త్వరగా ఆరదు. అలాంటి చోట ఈ తీగ వేరును లోపలికి దించి, నీటినీ పిండి పదార్థాన్నీ గడ్డలో దాచుకుంటుంది. వానలు లేని నెలల్లో ఆ గడ్డే దానికి ఆధారం. మనం రుచిగా తినే భాగం ఆ మొక్క కరువు కాలానికి దాచుకున్న గాదె అన్నమాట.

ఇంకో సంగతి. గాలికి ఎగిరిన గింజల్లో చాలా వరకు బండ మీద పడి ఎండిపోతాయి. మట్టి ఉన్న నెర్రెలో పడి, వాన సమయానికి అందుకుని, మేకలూ మంటలూ తప్పించుకున్నదే మొక్కవుతుంది. పైగా ఈ విత్తనానికి మొలక శాతం తక్కువ, నిల్వ ఉంచితే మొలకశక్తి త్వరగా పోతుంది. అందువల్ల ఒక ముదురు మొక్క పోతే దాని చోటు నింపడానికి ఇంకో మొక్క రావడానికి ఏళ్లు పడుతుంది.

ఎలా తరిగిపోతోంది?

చింతపండు, ఉసిరి, కుంకుడు లాంటివి కోసుకుంటే చెట్టు అలాగే ఉంటుంది. మరుసటేడు మళ్లీ కాస్తుంది. తునికాకు కోసినా అంతే. మారేడు గడ్డ సంగతి వేరు. మనకు కావలసింది వేరే కాబట్టి, గడ్డపార వేసి మొత్తం పెకలిస్తే ఆ మొక్క కథ అక్కడితో ముగుస్తుంది.

ఒక చిన్న లెక్క చూడండి. ఒక చరియలో 40 మొక్కలున్నాయి అనుకుందాం. ఏడాదికి పది చొప్పున మొత్తం పెకలిస్తే నాలుగేళ్లకు ఒక్కటీ మిగలదు. అయిదో ఏడు తవ్వేవాడు ఇంకా పై చరియకు ఎక్కాలి. కాలు జారే ప్రమాదం పెరుగుతుంది, కూలి గిట్టదు. అదే 40 మొక్కల్లో ఏడాదికి పదింటి దగ్గర మాత్రమే, అదీ కొన్ని గడ్డలే తీసి తల్లి మొక్కను వదిలితే? అయిదో ఏటికి మొదటి పది మొక్కలు మూడేళ్లకు పైగా విశ్రాంతి తీసుకుని మళ్లీ ఊరి ఉంటాయి. అడవి మిగులుతుంది, కూలీ మిగులుతుంది.

గిరాకీ కాలం కూడా కలిసిరావడం లేదు. షర్బత్ అమ్మకాలు వేసవిలో. పాకం తయారు చేసేవాళ్లు వేసవికి ముందు నుంచే గడ్డ కొంటారు. కాయ పగిలి గింజ రాలకముందే మొక్కను పెకలిస్తే ఇవాళ్టి మొక్కా పోయింది, రేపటి మొక్కా పోయింది. దీనికి తోడు వేసవి మంటలు, గుట్టల మీద రాతి క్వారీలు. ఇవన్నీ కలిసి ఈ మొక్కను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) వారి అంతరించిపోయే ప్రమాదమున్న జాతుల జాబితాలోకి చేర్చాయి.

దీనివల్ల మొదట దెబ్బ తినేది యానాదులు, చెంచులు, కొండవార కూలి కుటుంబాలు. చేను పనులు లేని నెలల్లో నాలుగు రూకలు తెచ్చిపెట్టే ఆధారం వాళ్లకు ఈ గడ్డలు.

చట్టం ఏమంటోంది?

తెలియక చేసినా తప్పు తప్పే గదా. అందుకని నాలుగు మాటలు తెలుసుకుని ఉండాలి.

అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం అడవిలో నివసించే షెడ్యూల్డు తెగలవారికి, తరతరాలుగా అడవిపై ఆధారపడిన ఇతరులకు చిన్న తరహా అటవీ ఉత్పత్తులను సేకరించుకునే, అమ్ముకునే హక్కు ఉంది. వేళ్లు, గడ్డలు కూడా ఆ ఉత్పత్తుల్లోకే వస్తాయి. అదే చట్టం అడవినీ జీవజాతులనూ కాపాడే బాధ్యతను కూడా ఆ హక్కుదారుల మీద పెట్టింది. హక్కు గుర్తింపు లేనివాళ్లు రిజర్వు అడవిలోకి వెళ్లి గడ్డలు తవ్వడం నేరమవుతుంది.

1989లో ఏర్పాటైన శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు వంటి రక్షిత ప్రాంతాల్లో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 వర్తిస్తుంది. అక్కడ నిబంధనలు ఇంకా కఠినం. శేషాచలం కొండలను 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా, అంటే బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. ఎర్రచందనం దొంగతనాల వల్ల ఆ అడవుల్లో నిఘా ఎక్కువ. గడ్డల కోసమే వెళ్లినా అనుమతి లేకుంటే చిక్కుల్లో పడతారు.

జీవవైవిధ్య చట్టం 2002 కింద ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊరి పరిధిలోని మొక్కలు, జంతువులు, వాటి వాడకాలను ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో రాయించాలి. మీ ఊరి గుట్ట మీద ఈ మొక్క ఉంటే ఆ రిజిస్టరులోకి ఎక్కిందో లేదో అడిగి తెలుసుకోండి. గుట్టను క్వారీకి ఇచ్చే మాట వచ్చినప్పుడు ఆ రాత ఊరికి పనికొస్తుంది.

హక్కున్నవాళ్లు తవ్వవలసిన పద్ధతి

గడ్డ తవ్వే హక్కున్న కుటుంబాలు ఈ పద్ధతి పాటిస్తే మొక్క బతుకుతుంది, వాళ్ల ఆదాయమూ నిలుస్తుంది.

1. కొండను నాలుగు భాగాలుగా పంచుకోండి. ఏడాదికి ఒక భాగంలోనే తవ్వాలి. మిగతా మూడు భాగాల జోలికి పోకూడదు. ఈ కట్టుబాటు ఒక్క కుటుంబం పెట్టుకుంటే చాలదు, తవ్వే వాళ్లంతా కూర్చుని పెట్టుకోవాలి.

2. కాయలున్న మొక్కను తవ్వవద్దు. కాయ పగిలి గింజ రాలిన తరవాతే చెయ్యి వేయాలి.

3. లేత మొక్కలను వదిలేయాలి. సన్నటి గడ్డకు బరువు రాదు, ధరా రాదు. దాన్ని తీస్తే నష్టమే గాని లాభం లేదు.

4. మొక్క మొదలు చుట్టూ గుండ్రంగా తవ్వకండి. ఒక పక్క నుంచే మట్టి తీసి ఆ పక్కనున్న గడ్డలను మాత్రమే కోయాలి. రెండో పక్క గడ్డలు, మొదలు, దాని మీది మొగ్గలు కదలకూడదు. మళ్లీ చిగురు వచ్చేది ఆ మొదలు నుంచే.

5. గడ్డను లాగి తెంపకుండా పదునైన కత్తితో కోయండి. చీలిన వేరు కుళ్లుతుంది.

6. తీసిన మట్టిని మళ్లీ నెర్రెలో నింపి, పైన నాలుగు రాళ్లు, ఎండుటాకులు కప్పండి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్లనే మిగిలిన వేళ్లు ఎండకు మాడిపోతాయి. బండ సందులోని గుప్పెడు మట్టి ఒకసారి వానకు కొట్టుకుపోతే అక్కడ మళ్లీ ఏ మొక్కా రాదు.

7. ప్రతి చరియలో బాగా కాసే ముదురు మొక్కలను కొన్నింటిని విత్తనానికి అని గుర్తు పెట్టుకుని, ఎప్పటికీ తవ్వకుండా వదిలేయాలి. మనం చేలో మంచి కంకి చూసి విత్తనానికి దాచుకోమా? ఇదీ అంతే.

8. గడ్డ కోసం బండ పగలగొట్టడం, పొదకు నిప్పు పెట్టడం వద్దే వద్దు.

చిన్న రైతు చేయగలిగింది

అడవిలో పద్ధతిగా తవ్వితే తరుగుదల ఆగుతుంది. కాని గిరాకీ పెరుగుతూనే ఉంటుంది. ఆ గిరాకీని కొండ మీద నుంచి పట్టా చేను మీదికి దించితేనే కొండకు ఊపిరి. ఎర్ర గరప నేలలు, రాళ్లు తేలిన చెల్కలు, కొండవార మెట్ట చేలు దీనికి సరిపోతాయి. మురుగు నీరు దిగని నల్లరేగడి నేలలు, చవుడు నేలలు పనికిరావు. వేరుశనగ పండే నేల అయితే ఇదీ పెరుగుతుందని గుర్తు.

విత్తనం, నారు

విత్తనాన్ని అనుమతి ఉన్నచోట, హక్కున్నవాళ్ల దగ్గర, లేదా ఇప్పటికే మొక్కలు పెంచుతున్నవారి దగ్గర తీసుకోవాలి. నారు కోసమని అడవిలో మొక్కను పెకలించి తేవడం మాత్రం చేయకండి. బండ నెర్రెలో పాతుకున్న ముదురు మొక్కను తెచ్చి నాటితే బతకడం కష్టం. అటు అడవికీ నష్టం, ఇటు మీకూ నష్టం.

కాయ ముదిరి పచ్చరంగు తగ్గి గోధుమ రంగుకు తిరుగుతున్నప్పుడు, పగలకముందే పలచటి గుడ్డ సంచి కట్టాలి. లేకుంటే గింజ గాలికి పోతుంది. ఒకే తల్లి మొక్క నుంచి కాకుండా నాలుగైదు మొక్కల నుంచి కొన్నేసి కాయలు తీసుకోండి. ఒక్కో మొక్క కాయల్లో కనీసం సగం కొండకే వదలాలి. గింజలను నీడన ఒకటి రెండు రోజులు ఆరబెట్టి, దూది కుచ్చు తీసేసి, ఆలస్యం చేయకుండా విత్తాలి. వచ్చే ఏటికి దాచుకుందామనుకుంటే మొలకలు రావు.

ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి పాలిథిన్ సంచులు నింపాలి. సంచి అడుగున నీరు కారడానికి రంధ్రాలు తప్పనిసరి. సంచికి రెండేసి గింజలు, అర అంగుళం లోతున పెట్టి, పైన సన్నటి ఇసుక చల్లాలి. కొబ్బరి మట్టలతో పలచని పందిరి వేసి, రోజ్‌క్యాన్‌తో తడి ఆరకుండా మాత్రమే నీరు పోయాలి. తడి ఎక్కువైతే మొదలు కుళ్లు వస్తుంది. నూరు గింజలు వేస్తే నూరూ మొలుస్తాయని ఆశపడకుండా కావలసిన దానికి రెండింతలు వేసుకోండి. మొక్క నిలదొక్కుకున్నాక మెల్లమెల్లగా ఎండకు అలవాటు చేయాలి.

కొమ్మ ముక్కలతోనూ మొక్కలు తయారు చేసుకోవచ్చు గాని వేరు పట్టడం కష్టం. పెన్సిలు లావున్న, మరీ లేతా మరీ ముదురూ కాని కొమ్మను రెండు మూడు కణుపులతో కోసి, పాలు కారడం ఆగాక వేళ్లు తెప్పించే మందు పొడిలో అద్ది నాటాలి. ఐ.బి.ఎ. అని అడిగితే పురుగుమందుల దుకాణాల్లో ఇస్తారు. కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2000 సంవత్సరంలోనే టిష్యూ కల్చర్ పద్ధతిలో ఈ మొక్కను పెంచే విధానాన్ని ప్రకటించారు. మొక్కలు ఎక్కడ దొరుకుతాయో మీ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలోనో, అటవీ శాఖ నర్సరీలోనో ముందుగా విచారించుకోండి.

గట్టు మీద నాటడం

మొదటిసారే చేనంతా వేయవద్దు. గట్టుతో మొదలు పెట్టండి. ఎకరా చేను నలుచదరంగా ఉంటే చుట్టూ గట్టు సుమారు 250 మీటర్లు వస్తుంది. రెండు మీటర్లకు ఒకటి చొప్పున నాలుగు వైపులా నాటితే నూరుకు పైగా మొక్కలు పడతాయి. రెండు వైపులే నాటినా అరవై మొక్కలు. వేరుశనగో కందో ఎప్పటిలాగే చేలో ఉంటుంది, మారేడు గట్టు మీద ఊరుతుంటుంది.

తొలకరికి ముందే అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంతలు తీసి ఎండనివ్వాలి. తీసిన మట్టిలో రెండు తట్టల పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి, కొంచెం గులకరాళ్లు కలిపి నింపాలి. గులకరాళ్లెందుకంటే మట్టి గుల్లగా ఉండి నీరు దిగుతుంది, కొండ మీద దానికి అలవాటైన నేలలాగే ఉంటుంది. గుంతను గట్టు పైభాగంలో తీయండి. పల్లంలో తీస్తే నీరు నిలిచి గడ్డ కుళ్లుతుంది.

జూన్, జూలైలో మంచి వాన పడ్డాక సంచి చించి, మట్టి గడ్డ పగలకుండా నాటాలి. ఇది తీగ కాబట్టి పాకడానికి ఆధారం కావాలి. గ్లైరిసీడియా కొమ్మలు గట్టు మీద నాటితే అవే కంచె అవుతాయి, తీగకు పందిరి అవుతాయి, వాటి ఆకు పచ్చిరొట్టగా పనికొస్తుంది. మొదటి ఏడాది వేసవిలో పదిహేను రోజులకొకసారి కుండెడు నీళ్లు పోయగలిగితే మొక్క దక్కుతుంది. మొదలు చుట్టూ ఎండుటాకు, చెత్త కప్పితే తేమ నిలుస్తుంది. రసాయన ఎరువులు దండిగా వేసి గడ్డ తొందరగా ఊరించాలని చూడకండి. ఏటా తొలకరికి ఒక తట్ట ఎరువు చాలు. పశువులు, మేకలు తొక్కకుండా ముళ్లకంప వేయడం మరవకండి.

గడ్డ తీయడం, అమ్ముకోవడం

ఇది వేరుశనగలాగా నాలుగు నెలల పంట కాదు. గడ్డ మెల్లగా ఊరుతుంది. కనీసం రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి. మీ చేలోని మొక్కైనా సరే, కొండ మీద చెప్పిన పద్ధతే పాటించి ఒక పక్క గడ్డలే తీసుకోండి. మొక్క నిలిస్తే మళ్లీ నారు ఖర్చు ఉండదు. నూరు మొక్కల్లో పదింటిని విత్తనానికి వదిలితే తరవాత మీరే ఊరికి నారు ఇవ్వవచ్చు.

తవ్విన గడ్డను మట్టి పోయేలా కడిగి, లావు సన్నం విడదీసి నీడన ఆరబెట్టాలి. వాసననిచ్చేది ఆవిరయ్యే నూనె. మండుటెండలో పోస్తే గాలికి పోతుంది. లోపల తేమ ఉండగా మూట కడితే బూజు పడుతుంది. వేళ్లతో విరిచి చూసి, వాసన చూసి అప్పుడు మూట కట్టండి.

అమ్మే ముందు ఒక జాగ్రత్త. మీ చేలో పెంచిన గడ్డే అయినా, దారిలో ఆపి అడిగితే రుజువు చూపించగలగాలి. నాటిన సంవత్సరం, మొక్కల సంఖ్య, నారు కొన్న రసీదు, సర్వే నంబరు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. తవ్వకానికి ముందు అటవీ శాఖ రేంజి కార్యాలయంలో రాతపూర్వకంగా తెలిపి, రవాణాకు అనుమతి కావాలేమో అడగండి. గిరిజన కుటుంబాలైతే గిరిజన సహకార సంస్థ (జీసీసీ) దగ్గర ముందుగా ధర విచారించాలి. 1956లో ఏర్పడిన ఈ సంస్థ అటవీ ఉత్పత్తులు కొంటుంది, నన్నారి షర్బత్ కూడా అమ్ముతుంది. దళారీ చెప్పిన ధరకు తలూపే ముందు నాలుగు చోట్ల అడిగి చూడటం మేలు.

ఇంట్లో షర్బత్ పాకం

గడ్డగా అమ్మడం కన్నా పాకంగా అమ్మితే మిగులు ఎక్కువ. మహిళా పొదుపు సంఘాలకు ఇది అనువైన పని. పావు కిలో గడ్డలు కడిగి, చితక్కొట్టి, మధ్య పుల్ల తీసేయాలి. కండను రెండు లీటర్ల వేడినీళ్లలో వేసి మూత పెట్టి రాత్రంతా నానబెట్టాలి. పొద్దున గుడ్డలో వడగట్టాలి. రెండు కిలోల చక్కెరలో కొద్దిగా మామూలు నీళ్లు పోసి ముదురు పాకం పట్టి, దించే ముందు వడగట్టిన నీరు పోసి ఒక పొంగు రానిచ్చి దించాలి. ఎక్కువసేపు మరిగిస్తే వాసనంతా వంటింట్లోనే ఉండిపోతుంది, సీసాలోకి రాదు. చల్లారాక నిమ్మరసం కలిపి, వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన గాజు సీసాల్లో పోయాలి. పాకం పలచగా ఉంటే త్వరగా పులుస్తుంది, చల్లటి చోట ఉంచి తొందరగా వాడేయాలి. బయట అమ్మదలిస్తే ఆహార భద్రత చట్టం కింద నమోదు చేయించుకోవాలి.

రైతులు అడిగే ప్రశ్నలు

ఎకరా మొత్తం వేయవచ్చా?
ఇప్పుడే వద్దు. కొనేవారు ఎవరో, ధర ఎంతో తేలకుండా పంట మార్చడం సన్నకారు రైతుకు మంచిది కాదు. అప్పు చేసి అసలే వేయవద్దు. గట్టు మీద పెంచి ఒకసారి అమ్మి చూశాక నిర్ణయించుకోండి.

మా చేలో సుగంధిపాల ఉంది, దాన్నే అమ్మవచ్చా?
అమ్మవచ్చు. అయితే అది వేరే మొక్క, వేరే వేరు. రెండూ కలిపి అమ్మితే కొనేవాడు నమ్మకం పోగొట్టుకుంటాడు. దాన్ని కూడా మొదలంటా పెకలించకండి.

చేలో పెంచిన గడ్డకు కొండ గడ్డంత వాసన ఉంటుందా?
నేలను బట్టి, గడ్డ వయసును బట్టి మారుతుంది. ఎరువూ నీళ్లూ దండిగా పెట్టి తొందరపెట్టకుండా రాతి నేలలో మెల్లగా ఊరనిస్తే మంచి గడ్డ వస్తుందని ఆశించవచ్చు. ముందుగా రెండు మూడు మొక్కల గడ్డ తీసి కొనేవాళ్లకు చూపించండి.

చేలో పెంచితే ఇక కొండ మీది మొక్క ఎందుకు?
ఎండను, కరువును, చీడను తట్టుకునే రకరకాల గుణాలు కొండ మీది మొక్కల్లోనే చెదిరి ఉంటాయి. రేపు చేలోని మొక్కకు తెగులు వస్తే మంచి విత్తనం కోసం మళ్లీ ఆ చరియకే పోవాలి. అక్కడ లేకపోతే ఇక ఎక్కడా లేనట్టే. విత్తనపు గాదె ఖాళీ చేసుకుని సాగు చేసిన రైతు ఎవరూ లేరు గదా.

ఈ ఏడు చేయవలసిన పని

తవ్వే హక్కున్న కుటుంబాలు కూర్చుని కొండను నాలుగు భాగాలు చేసుకోండి. విత్తనపు మొక్కలకు గుర్తు పెట్టండి. పంచాయతీ రిజిస్టరులో ఈ మొక్క పేరు రాయించండి. కొండవార రైతులు వచ్చే తొలకరికి తలా పది గుంతలు తీయండి. పది మొక్కలకు పెద్ద ఖర్చు లేదు, పంటకు అడ్డం లేదు. అవి బతికాయంటే మరుసటేడు నూరు అవుతాయి. ఊరి గట్ల మీద గడ్డ దొరికిననాడు, ప్రాణానికి తెగించి బండ చరియ ఎక్కవలసిన అవసరం ఎవరికీ ఉండదు.